‘గోదావరి’ సినిమా దారిలో: రెండు పడవలు, ఒక బండి, ఒక రావిచెట్టు

ఈసారి ఎపిసోడ్ కొంచెం పొడుగు, ముందే చెప్పేస్తున్నా. బస్సులోనో మెట్రోలోనో ఉంటే ఇయర్‌ఫోన్స్ పెట్టేసుకోండి. స్క్రీన్ చూడకపోయినా పర్లేదు, నేను చూపించేవి సగం ఇప్పుడు లేవు కాబట్టి.

విషయం ఏంటంటే, సంక్రాంతికి రాజమండ్రి వెళ్ళాను. పండగ అయిపోయి, మధ్యాహ్నం అందరూ అరిసెలు తిని పడుకున్న టైమ్‌లో ఫోన్‌ని టీవీకి కనెక్ట్ చేసి ‘గోదావరి’ పెట్టా. శేఖర్ కమ్ముల గారి సినిమా, 2006. సుమంత్, కమలినీ ముఖర్జీ. రాజమండ్రిలో లాంచీ ఎక్కి భద్రాచలం దాకా వెళ్తారు, దారిలో ప్రేమ. మీలో చాలామందికి ఇది రీల్స్‌లో పాటల సినిమా. మొన్నామధ్య మళ్ళీ థియేటర్లో వేస్తే వెళ్ళి అరిచినవాళ్ళు కూడా ఉన్నారు, నాకు తెలుసు, నేనూ వెళ్ళా.

మా పెద్దమ్మ అప్పటిదాకా నిద్రపోతోంది అనుకున్నా. సడన్‌గా లేచి కూర్చుని, “ఏమే, ఆపు ఆపు! అది మా రేవు” అంది.

వెనక్కి తిప్పా. ఆపా. లాంచీ అంచు, దాని వెనకాల ఒడ్డు, మెట్లలాంటివి కొన్ని, ఒక పెద్ద చెట్టు. మొత్తం ఒక సెకను కూడా ఉండదు. పైగా మసకగా ఉంది. నేనన్నాను, “పెద్దమ్మా, గోదారి గట్టు మీద ఏ రేవైనా ఇలాగే ఉంటుంది కదా” అని. ఆవిడ “మా రావిచెట్టు నాకు తెలీదా” అంది. నేను ఊరుకోకుండా, “నువ్వెప్పుడూ రేవులోకి దిగుతుంటే రావిచెట్టు ఎడం పక్క అని చెప్తావుగా, ఇక్కడ కుడిపక్క ఉంది చూడు” అన్నా. పెద్దమ్మ టీవీ వంక కాసేపు చూసి, మళ్ళీ పడుకుంది. ఏమీ అనలేదు.

మా పెద్దమ్మది దేవీపట్నం. పేరు విన్నారా? పోలవరం డ్యామ్‌కి కొంచెం ఎగువన, గోదారి ఎడమ గట్టు మీద ఉండే ఊరు. ఇప్పుడు నీళ్ళలో ఉంది. వాళ్ళకి గోకవరం వైపు పునరావాస కాలనీలో ఇల్లిచ్చారు. సామాన్లు మార్చే హడావిడిలో ఆల్బమ్‌లు తడిసిపోయాయి. మిగిలిన నాలుగు ఫొటోలూ పెళ్ళిళ్ళవీ, అన్నప్రాసనలవీ. రేవు ఫొటో ఒక్కటీ లేదు. ఉండదు కూడా. రోజూ బట్టలుతుక్కునే చోటుని ఎవరు ఫొటో తీస్తారండీ?

నాకా రాత్రి నిద్ర పట్టలేదు. ఊరే పోయిన మనిషితో చెట్టు ఎటుందని వాదించానే అని. సరే, ఈ సినిమా వెళ్ళిన దారి మొత్తం మనమే వెళ్దాం, ఎక్కడ ఏ ఫ్రేమ్ ఉందో చూద్దాం, ఆ రేవు సంగతీ తేలుద్దాం అని ఫిబ్రవరిలో బయల్దేరా. తోడు మా అన్నయ్య, అంటే పెద్దమ్మ కొడుకు. బండి వాడిది. పెట్రోల్ నాది.

మీరు కూడా వెళ్ళాలనుకుంటే ముందు ఒక పని చేయండి. సినిమా ఫోన్లో ఆఫ్‌లైన్‌లో ఉండేలా డౌన్‌లోడ్ చేసుకోండి. మీకు కావలసిన ఫ్రేమ్స్ స్క్రీన్‌షాట్లు తీసి, పక్కన టైమ్ రాసి ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. పాపికొండల లోపల సిగ్నల్ ఉండదు, అక్కడికెళ్ళి స్ట్రీమింగ్ అంటే కుదరదు. పవర్‌బ్యాంక్ తప్పనిసరి. మేము పెట్టుకున్న స్క్రీన్‌షాట్లు నలభై ఒకటి.

సరే, రాజమండ్రి. పొద్దున్నే ఆరింటికి పుష్కర్ ఘాట్‌కి వెళ్ళాం. బాలు గారు పాడిన మొదటి పాట గుర్తుందిగా, నది, వంతెనలు, తెల్లారే వెలుగు. ఇక్కడ కనిపించే వంతెనల గురించి రెండు ముక్కలు చెప్పాలి. పాతది హేవలాక్ బ్రిడ్జి. 1900లో రైళ్ళు మొదలై, 1997లో ఆగిపోయాయి. అంటే సినిమా తీసేనాటికే దాని మీద రైలు లేదు, ఉత్తి స్తంభాలూ గర్డర్లూ. రెండోది రోడ్డు కమ్ రైలు బ్రిడ్జి, 1974ది. పైన బస్సులు, కింద రైళ్ళు. మూడోది విల్లుల్లాంటి ఆర్చీలున్నది, పోస్ట్‌కార్డుల్లో, రీల్స్‌లో అందరూ వాడేది. తర్వాత 2015లో నాలుగోది, రోడ్డుది వచ్చింది. అది సినిమాలో ఉండదు, మీ ఫొటోలో పడుతుంది. ఫ్రేమ్ మ్యాచ్ అవ్వట్లేదేంటా అని తల గోక్కోకండి.

ఇక్కడే నాకు మొదటి దెబ్బ తగిలింది. స్క్రీన్‌షాట్ పట్టుకుని ఘాట్ మెట్ల మీద గంట తిరిగాను. ఒక్కటీ కుదరదు. వంతెన కుదిరితే ఒడ్డు కుదరదు, ఒడ్డు కుదిరితే వంతెన వంకరగా వస్తుంది. అన్నయ్య అరటిపండు తింటూ, “ఒసేయ్, వాళ్ళు పడవలో నుంచి తీశార్రా. నువ్వు గట్టు మీద నుంచుని ఎలా కుదురుతుంది?” అన్నాడు. నిజమే కదా! ఈ సినిమాలో ఒడ్డుని ఎక్కువసార్లు నీళ్ళలో నుంచే చూస్తాం. కెమెరా లాంచీ మీదుంటుంది. మనం ఒడ్డున నుంచుని చూసే గోదారి వేరు, గోదారిలో నుంచి చూసే ఒడ్డు వేరు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

చిన్న పడవ మాట్లాడుకుని నది మధ్యకి వెళ్తే పది నిమిషాల్లో మూడు ఫ్రేములు దొరికాయి. ఇంకా సులువైన పద్ధతి కావాలంటే సాయంత్రం ప్యాసింజర్ రైలెక్కి కొవ్వూరు వెళ్ళి వెనక్కి రండి. టీ ఖర్చులో అయిపోతుంది. తలుపు దగ్గర వేలాడకండి, కిటికీ సీటు చాలు. పక్కనావిడ పిల్లాడి చేతికి రూపాయి బిళ్ళ ఇచ్చి నదిలో వేయించింది. ఆ శబ్దం మాత్రం ఏ సినిమాలో విన్నదానికంటే బాగుంది. బిళ్ళ గర్డర్‌కి తగిలి టంగ్ మంది, నీళ్ళలో పడనేలేదు.

రెండోరోజు పట్టిసీమ. బండి మీద వంతెన దాటి కొవ్వూరు, తాళ్ళపూడి మీదుగా. నది మధ్యలో కొండ, కొండ మీద వీరభద్రస్వామి గుడి. శివరాత్రికి ఇసక కనపడనంత జనం వస్తారు. మేము వెళ్ళింది మామూలు రోజు, పడవలో మాతోపాటు ఒక కొత్త జంట, ఇద్దరు ముసలాళ్ళు, ఒక కొబ్బరికాయల బుట్ట. గుడి మెట్లెక్కి చూస్తే గోదారి రెండు పాయలుగా కనిపిస్తుంది. ఫ్రేమ్ సంగతి ఎలా ఉన్నా ఇక్కడ ఓ గంట కూర్చోండి. నేనైతే ట్రిప్ మొత్తంలో ఇంత ప్రశాంతంగా ఇంకెక్కడా లేను.

ఎందుకంటే ఆ తర్వాత కాస్త దూరంలో సినిమా దారి తెగిపోతుంది. పోలవరం.

ఇది మీలో కొంతమందికి తెలీదేమో. సినిమాలో లాగా రాజమండ్రిలో లాంచీ ఎక్కి భద్రాచలంలో దిగడం ఇప్పుడు జరగని పని. మధ్యలో డ్యామ్ ఉంది. 48 గేట్ల స్పిల్‌వే, కిలోమీటరు పైన పొడుగు. 2021లో నదిని పాత దారి నుంచి మళ్ళించి ఈ స్పిల్‌వే గుండా వదిలారు. ప్రాజెక్టు లోపలికి అనుమతి లేకుండా వెళ్ళనివ్వరు, దూరం నుంచే చూశాం. ఇంకా నిండా నీళ్ళు నిలపలేదు. పూర్తి మట్టం 45.72 మీటర్లు. అది పాత లెక్కలో చెప్పాలంటే 150 అడుగులు. ఆ మట్టానికి నింపితే మనం చూడబోయే ఊళ్ళు ఇంకెన్నో పోతాయి.

డ్యామ్ వద్దా అని కామెంట్లో అడుగుతారు మీరు, తెలుసు. మా నాన్న వాళ్ళది డెల్టా. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళతో పండిన అన్నం తిని పెరిగాను. 1852లో కాటన్ దొర దాన్ని కట్టకపోతే మా ఇంట్లో ఎవరూ చదువుకునేవాళ్ళు కాదేమో. అమ్మ వైపు వాళ్ళ ఊరు ఇంకో ఆనకట్టలో పోయింది. నేను ఎటు నుంచుని మాట్లాడాలి చెప్పండి? అందుకే నాకు కనిపించింది చెప్తా, అంతే.

ఆ రాత్రి వెనక్కొచ్చి పెద్దమ్మ వాళ్ళింట్లో పడుకున్నాం. కాలనీలో ఇళ్ళన్నీ ఒకేలా ఉంటాయి, మొదటిసారి వెళ్ళినప్పుడు నేను పక్కింట్లోకి దూరిపోయా. నది లేదు, వీధి చివర కుళాయి ఉంది. పెద్దమ్మ బిందె పట్టుకుని ఆ కుళాయి దగ్గరికెళ్తూ కూడా “రేవుకెళ్ళొస్తా” అంటుంది. నేను రమ్మని అడిగాను, “పడవలో మాతో రా పెద్దమ్మా” అని. “చూడ్డానికేముందే అక్కడ, నీళ్ళు” అంది. పులిహోర కట్టి ఇచ్చింది.

మూడోరోజు గండిపోచమ్మ గుడి. ఇప్పుడు ఆంధ్రా వైపు నుంచి పాపికొండల బోట్లు ఇక్కడ నుంచే బయల్దేరతాయి. వరదల కాలంలో బోట్లు ఆపేస్తారు, కాబట్టి నవంబర్ తర్వాత, ఎండలు ముదరకముందు ప్లాన్ చేసుకోండి. టికెట్ ముందే బుక్ చేసుకోవడం మంచిది, ఆదివారం అయితే మరీను. లైఫ్‌జాకెట్ ఇస్తారు. వేసుకోండి. ఫొటోకి అడ్డమని విప్పేసేవాళ్ళని చూశాను, ఒక్కమాట చెప్తా వినండి. 2019 సెప్టెంబర్ 15న ఇదే దారిలో కచ్చులూరు దగ్గర, వరదలో ఒక బోటు మునిగింది. పాపికొండలు చూడ్డానికి మనలాగే బయల్దేరినవాళ్ళు. పదులమంది పోయారు. నెల దాటాక గానీ బోటు బయటికి రాలేదు. మా బోటు ఆ చోటు దాటుతుంటే పాటలు కట్టేశారు. ఎవరూ చెప్పలేదు, అడగలేదు. ఒక మలుపు తిరిగాక మళ్ళీ పెట్టారు.

దానికంటే ముందు దేవీపట్నం వచ్చింది. పడవ ఎగువకి వెళ్తుంటే మనకి కుడిచేతి వైపు ఒడ్డు. అన్నయ్య అప్పటిదాకా జోకులేస్తున్నవాడు లేచి రెయిలింగ్ దగ్గరికి వెళ్ళాడు. నేను వీడియో ఆన్ చేశా.

నేనేం ఊహించుకున్నానంటే, ఉత్తి నీళ్ళుంటాయి, ఏమీ కనపడదు అని. అలా లేదు. అక్కడక్కడా గోడలు, పైకప్పు లేని గోడలు. ఒక డాబా మీద మెట్లు ఆకాశంలోకి వెళ్తున్నట్టు. ఎండిపోయిన చెట్ల మోళ్ళు, వాటి మీద కొంగలు. అన్నయ్య వేలెత్తి చూపిస్తూ ఒక్కొక్కటే చెప్తున్నాడు. అది ఫలానా వాళ్ళ ఇల్లు. అక్కడ కిరాణా కొట్టు. ఇటు స్కూల్‌కెళ్ళే దారి. టూరిస్టులు మా పక్కన నుంచుని వింటున్నారు. ఒకాయన “మీది ఈ ఊరా బాబూ” అని అడిగి, ఆ తర్వాత ఏమనాలో తెలీక భుజం తట్టాడు.

“రేవేదిరా?” అన్నా.

చూపించాడు. మెట్లు లేవు, నీళ్ళే. కానీ నీళ్ళలో నుంచి ఒక మోడు లేచి ఉంది, లావుగా, రెండు కొమ్మలతో. “అదే రావిచెట్టు” అన్నాడు. “మెట్లు దానికి ఇటువైపు.”

అంటే చెట్టు మెట్లకి కుడిపక్క ఉంది. నేను అడిగాను, “పెద్దమ్మ ఎడం పక్క అంటుందిగా?” వాడు నన్ను చూసిన చూపు మీకు వీడియోలో లేదు, అదృష్టం. “అమ్మ ఇంట్లోంచి బిందె పట్టుకుని నది వైపు దిగుతుందే. అప్పుడు ఎడం పక్క. నువ్విప్పుడు నదిలో నుంచుని ఊరి వైపు చూస్తున్నావు” అన్నాడు.

అంతేనండీ. పుష్కర్ ఘాట్‌లో నేర్చుకున్న పాఠమే. నలభై ఏళ్ళు ఆ మెట్లు దిగిన మనిషి ఒడ్డు నుంచి చూసింది. కెమెరా పడవలో నుంచి చూసింది. నేను టీవీ ముందు కూర్చుని, తప్పని పట్టుకున్న గుర్తు అసలు తప్పే కాదు. పెద్దమ్మ మాటకి అది సాక్ష్యం.

ఫోన్ తీసి స్క్రీన్‌షాట్ పెట్టి చూశాం. చెట్టు కుడిపక్కే. వెనకాల కొండ వాలు సరిపోయినట్టే ఉంది. కానీ సినిమాలో చెట్టుకి ఆకులున్నాయి, ఇక్కడ మోడు. అక్కడ మెట్లు, ఇక్కడ నీళ్ళు. నీటిమట్టం పెరిగింది కాబట్టి ఒడ్డు ఎత్తు కూడా మారిపోయింది. నూటికి నూరుపాళ్ళు అదే అని మీ ముందు ప్రమాణం చేయను. అన్నయ్య మాత్రం ఇంకో ఫొటో కూడా తీయలేదు, చాలన్నాడు.

పాపికొండల గురించి నేను వేరే చెప్పక్కర్లేదు. రెండువైపులా కొండలు దగ్గరికి జరిగి, నది ఒక సందులా అయిపోతుంది. మా నలభై ఒక్క స్క్రీన్‌షాట్లలో బాగా కుదిరినవన్నీ ఇక్కడివే. కొండలకి ఏం తెలుసు, అలాగే ఉన్నాయి. తేడా కింద కనిపిస్తుంది. పాత ఫ్రేముల్లో కొండ పాదం దగ్గర రాళ్ళు, ఇసక తిన్నెలు ఉంటాయి. ఇప్పుడు చెట్లు నేరుగా నీళ్ళలోకి దిగుతాయి. పొద్దున్న మంచులో వెళ్తే పదకొండు దాకా వెలుగు బాగుంటుంది, తర్వాత ఫ్లాట్ అయిపోతుంది, ఫోన్ కెమెరాలకి మరీను.

బోటులో డాన్స్ ప్రోగ్రామ్ ఉంటుంది, సినిమా పాటలకి. ఉప్మా ఉంటుంది. కమలినీ ముఖర్జీ లాగా ఒంటరిగా రెయిలింగ్ దగ్గర నుంచుని ఆలోచించుకుందాం అనుకున్నాను గానీ, నా వెనకాల పధ్నాలుగు మంది సెల్ఫీకి క్యూలో ఉన్నారు. ఒకమ్మాయి కుక్కని తీసుకొద్దామనుకుందట, కోటి కోసం. ఒప్పుకోలేదట పాపం.

ఇంకో మాట. ఈ దారిలో సినిమా తీసిన మొదటివాడు శేఖర్ కమ్ముల కాదు. 1973లోనే బాపు గారు ‘అందాల రాముడు’ తీశారు, రచన ముళ్ళపూడి వెంకటరమణ గారు. అక్కినేని హీరో. అందులో కూడా ఇదే గోదారి, ఇదే పడవ, ఇదే భద్రాచలం. రమణ గారిది ధవళేశ్వరం, బాపు గారిది నర్సాపురం, ఇద్దరూ గోదారోళ్ళే. వీలైతే ట్రిప్‌కి ముందు రెండూ చూసి వెళ్ళండి. పాతదాంట్లో పడవ అంటే ఒక ఊరు, అన్ని రకాల మనుషులూ ఉంటారు, డబ్బున్నోళ్ళు, లేనోళ్ళు, దొంగభక్తులు. కొత్తదాంట్లో మనసు ఇద్దరి మీదే ఉంటుంది. నాకు కొత్తదే ఎక్కువ ఇష్టం. కానీ పాతది తెలివైన సినిమా.

రెండింటిలోనూ కథ పడవ ఎక్కినవాళ్ళదే. పేరంటాలపల్లిలో దిగాక నాకిది బాగా తగిలింది. ఇది బోటు చివరి స్టాప్. కొండ మీద రామకృష్ణ మునీశ్వరుల ఆశ్రమం, శివాలయం, పక్కనే కొండ నుంచి దిగే చల్లటి నీళ్ళు. చుట్టూ ఉండేది కొండరెడ్లు. వెదురుతో పువ్వులు, బుట్టలు చేసి అమ్ముతారు. నేను ఒక వెదురు పువ్వు కొని, కెమెరా ఆన్ చేసి, “ఇక్కడ సినిమా షూటింగ్ చూశారా అమ్మా” అని అడిగాను. ఆవిడ నవ్వి, “చాలా వచ్చినాయి. మమ్మల్ని పక్కకి జరగమనేవోళ్ళు” అంది. నేను కెమెరా దించేశా. నేనూ అప్పటిదాకా అదే పని చేస్తున్నాను, ఫ్రేమ్‌లోకి ఎవరైనా వస్తే ఆగి, వాళ్ళు వెళ్ళాక తీస్తున్నా. ఈ ఎపిసోడ్‌లో పేరంటాలపల్లి ఫొటోలు తక్కువుండటానికి కారణం అదే.

బోటు ఇక్కడ నుంచి వెనక్కి తిరుగుతుంది. భద్రాచలం వైపు నుంచి వచ్చే బోట్లు కూడా ఇక్కడికే వచ్చి వెనక్కి తిరుగుతాయి. రెండు బోట్లూ ఒకే ఒడ్డున పక్కపక్కన ఆగి ఉంటాయి. దీంట్లో నుంచి దాంట్లోకి దూకితే సినిమా దారి కలిసిపోతుంది! అడిగాం కూడా. కుదరదు అన్నారు, ఎక్కినవాళ్ళ పేర్లన్నీ రాసుకుంటారు, ఎక్కినచోటే దించాలి. న్యాయమే, 2019 తర్వాత ఆ లెక్క అవసరం.

కాబట్టి నాలుగోరోజు బండి మీద. గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి, ఘాట్ రోడ్డు, చింతూరు. మారేడుమిల్లి మీకు తెలుసు, ‘పుష్ప’ అడవి. బొంగులో చికెన్ తిన్నాం. ఘాట్‌లో రాత్రి డ్రైవింగ్ పెట్టుకోకండి. చింతూరు నుంచి వి.ఆర్.పురం మీదుగా పోచవరం. మర్నాడు పొద్దున్న అక్కడ రెండో బోటు ఎక్కి, మళ్ళీ పేరంటాలపల్లి దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి. ఇదంతా ఎందుకంటే మిగిలిన సగం నది చూడాలని. ఆ వెదురు పువ్వులావిడ నన్ను గుర్తుపట్టి “మళ్ళీ వచ్చినావా” అంది. ఇంకో పువ్వు కొన్నా.

పోచవరం నుంచి భద్రాచలం దారిలో కూనవరం వస్తుంది, శబరి వచ్చి గోదారిలో కలిసేది ఇక్కడే. ఈ మండలాలన్నీ 2014 దాకా ఖమ్మం జిల్లా. ముంపు ప్రాంతమని ఆంధ్రాలో కలిపారు. భద్రాచలం టౌన్ మాత్రం తెలంగాణలో ఉండిపోయింది. కాబట్టి బండి మీద వెళ్తూ వెళ్తూ, ఊళ్ళోకి అడుగుపెట్టేముందు రాష్ట్రం మారిపోతుంది. రాముడి గుడి ఈ రాష్ట్రంలో, గుడికి సంబంధించిన భూములు కొన్ని ఆ రాష్ట్రంలో.

భద్రాచలంలో చీకటి పడ్డాక కరకట్ట మీద కూర్చున్నాం. సినిమా లాంచీ ఆగేది ఈ ఊళ్ళోనే, పెళ్ళి ఇక్కడే కదా. ఇక్కడివాళ్ళకి నీళ్ళ లెక్కలు నోటికొచ్చు. 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6. 2022 జులైలో 71.3. టీ కొట్టాయన క్రికెట్ స్కోర్లు చెప్పినట్టు చెప్పాడు. సినిమావాళ్ళకి రోజుల ప్రయాణమైన దారి, మాకు అయిదు రోజులు, రెండు బోట్లు, ఒక రైలు, నాలుగుసార్లు పెట్రోల్.

వెనక్కి వెళ్ళేటప్పుడు కాలనీలో ఆగాం. పెద్దమ్మకి ముందు వీడియో చూపించా, దేవీపట్నం ముందు నుంచి తీసింది. మాట్లాడకుండా మొత్తం చూసింది. తర్వాత స్క్రీన్‌షాట్, పక్కనే ఆ మోడు ఫొటో పెట్టి, “సారీ పెద్దమ్మా, నువ్వే కరెక్ట్ అయ్యుండొచ్చు. నది లోంచి చూస్తే చెట్టు కుడిపక్కే వస్తుంది” అన్నాను.

“అయ్యుండొచ్చేంటి” అంది. “ఆరోజు షూటింగ్ లాంచీ ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగిందో నీకేం తెలుసు. మేం రేవులోనే నుంచున్నాం. సరిగ్గా చూడు, మెట్ల మీద ఎవరో ఉన్నారు.”

జూమ్ చేశా. మెట్ల దగ్గర నాలుగైదు చుక్కలున్నాయి. మనుషులు కావచ్చు, బండలు కావచ్చు. ఇంకా జూమ్ చేస్తే గళ్ళు గళ్ళుగా విడిపోయింది. ఈసారి నేను వాదించలేదు.

“ఆ ఫొటో నాకు పంపించు. మోడుది వద్దు, సినిమాది” అంది. పంపించా. మనవడి చేత పెట్టించుకుంది, ఇప్పుడు ఆవిడ వాట్సాప్ డీపీ అదే. సగం లాంచీ రెయిలింగ్, సగం ఒడ్డు, అంతా మసక. బంధువులు ఫోన్ చేసి ఇదేం ఫొటో, పొరపాటున పెట్టావా అని అడుగుతున్నారట.